మొదటి వద్దు

తెల్లారి ఆరున్నరకే ముందుగదిలో కుట్టుమిషను చప్పుడు మొదలైంది. బడులు తెరవడానికి ఇంక పదిరోజులే ఉన్నాయి. గోడవారగా నీలం స్కర్టులు ఒక గుట్ట, తెల్లచొక్కాలు ఇంకో గుట్ట, గుండీలు కుట్టాల్సినవి మంచంమీద. అమ్మ మెడలో టేపు వేసుకుని, పెదాల మధ్య రెండు గుండుసూదులు పట్టుకుని పనిచేస్తోంది. నోట్లో సూదులుంటే ఆమె మాట్లాడలేదు. మాట్లాడాలని లేనప్పుడు కూడా అవే పెట్టుకుంటుందని ఇంట్లో అందరికీ తెలుసు.

లోపలిగదిలోంచి పెద్దమ్మాయి వచ్చి, ముందుగది తలుపుమీద వేలితో రెండుసార్లు తట్టింది. ఆ తలుపు బార్లా తీసే ఉంది.

"ఎవరూ? కొలతలకా?" అంటూ మంచంమీద కూర్చున్న నాయనమ్మ కళ్ళజోడు వెతుక్కుంది.

"నేనే నాయనమ్మా. లోపలికి రావచ్చా?"

"నీ ఇంట్లో నువ్వు తలుపు కొట్టడమేమిటే తల్లీ! పుట్టినప్పుడు అడిగే వచ్చావా?"

గుండీలు కుడుతున్న చిన్నమ్మాయి పకపకా నవ్వింది. పెద్దమ్మాయి కూడా నవ్వేసింది. ఆరేళ్ళ తర్వాత పరాయిదేశం నుంచి ఇంటికొచ్చి పన్నెండు రోజులైంది. అక్కడ ఆమె ముసలివాళ్ళ ఆసుపత్రిలో నర్సు. ప్రతి గది తలుపూ తట్టి, లోపలివాళ్ళు రమ్మన్నాకే అడుగు పెట్టడం అక్కడి పద్ధతి. ఆరేళ్ళు తట్టిన వేలు ఇక్కడికొచ్చినా ఊరుకోవడం లేదు.

వేలొక్కటే అయితే ఫరవాలేదు. వచ్చిన రెండోరోజు నాన్నకు ఆమె కూర వడ్డిస్తూ "ఇంకొంచెం వెయ్యనా నాన్నా?" అంది. బస్సు డిపోలో టైమ్‌కీపరుగా ముప్ఫైఏళ్ళుగా చేస్తున్న మనిషి, ఆకలి కూడా ఆయనకు గంట కొట్టినట్టు వేస్తుంది. అలవాటుగా "వద్దులేమ్మా" అన్నాడు. "సరే నాన్నా" అని గిన్నె మూతపెట్టి లోపల పెట్టేసింది. ఆయన ఖాళీ కంచంలో వేళ్ళు ఆడిస్తూ కాసేపు కూర్చుని, అందరూ లేచాక వంటింట్లో నిలబడి గిన్నె ఊడ్చి తిన్నాడు.

ఆ మర్నాడు పక్కింటి కంపౌండరుగారి భార్య చూడ్డానికి వచ్చింది. "టీ తాగుతారా అత్తయ్యా?" అంటే "ఇప్పుడే తాగొచ్చానమ్మా" అంది. "సరే అయితే" అంది పెద్దమ్మాయి. ఆవిడ పావుగంట కూర్చుని, పొడిగొంతుతో లేచి వెళ్ళింది. అప్పటినుంచీ వీధిలో ఎదురుపడ్డప్పుడల్లా చిన్నమ్మాయిని, "మీ అక్క నీళ్ళన్నా ఇస్తుందా మీకు?" అని అడుగుతోంది.

ఇవన్నీ నవ్వుకునే సంగతులే. నవ్వలేని సంగతి ఒకటుంది.

నాలుగోరోజున పెద్దమ్మాయి అమ్మ పక్కన పీట వేసుకుని కూర్చుంది. "అమ్మా, వెళ్ళేటప్పుడు నాతో వస్తావా? మూడునెలలు నా దగ్గర ఉందువుగాని. నా విమానంలోనే నీకూ ఒక సీటు ఆపించాను" అంది. వీసాకని ఆర్నెల్ల కిందటే అక్కణ్ణుంచి కాగితాలు పంపి అమ్మచేత సంతకాలు పెట్టించుకుంది. అవి ఎందుకో అమ్మకు అప్పుడే తెలుసు. తెలుసని పైకి అనలేదు. ఆ ఆర్నెల్లూ రాత్రి నిద్రపట్టకపోతే, కూతురి గది ఎలా ఉంటుందో, కిటికీ ఎటువైపు ఉంటుందో ఊహించుకుని పడుకునేది.

తీరా ఆ మాట చెవిన పడేసరికి, "నేనెక్కడికొస్తానే? ఈ యూనిఫారాలెవరు కుడతారు? వద్దులే" అంది.

"సరేనమ్మా, నీ ఇష్టం" అంది పెద్దమ్మాయి. లేచి, పీట ఉన్నచోట పెట్టేసి వెళ్ళిపోయింది.

అంతే. మళ్ళీ అడగలేదు.

అమ్మ ఎదురుచూసింది. ఒకరోజు, "అక్కడ చలి బాగా ఉంటుందేమిటే?" అంది. "ఉంటుందమ్మా, కానీ గదులు వెచ్చగా ఉంటాయి" అంది పెద్దమ్మాయి. ఇంకోరోజు, "మూడునెలలంటే ఎంతలో తిరిగొస్తాయి!" అంది. "అవునమ్మా, రోజులు పరిగెడతాయి" అంది. మరోరోజు పెట్టె దింపించి తుడిచి ఎండలో పెట్టింది. పెద్దమ్మాయి చూసి, "మంచిపని చేశావు, ముక్కిన వాసన పోతుంది" అని మెచ్చుకుంది.

"అక్కకు నేను చెప్పనా?" అంది చిన్నమ్మాయి ఉండబట్టలేక.

"చెప్పావంటే వీపు చీరేస్తాను. చెప్పి అడిగించుకుంటే అది అడిగినట్టా?"

ఇదీ సంగతి. ఆ సీటు ఉంచాలో వదలాలో ఈరోజు సాయంత్రం నాలుగులోపు ట్రావెల్స్ ఆయనకు చెప్పెయ్యాలి.

పెద్దమ్మాయి టీ గ్లాసుతో వరండాలోకి వెళ్ళింది. కిటికీలోంచి మాట స్పష్టంగా వినిపించింది. "నమస్కారమండీ. మా అమ్మగారికి ఆపిన సీటుందే, అది వద్దండీ. ఆవిడ రానన్నారు. అవునండీ, వదిలెయ్యండి."

మిషను ఆగింది. రెండు క్షణాల్లో మళ్ళీ మొదలైంది.

అమ్మకు వాళ్ళమ్మ గుర్తొచ్చింది. చాలా ఏళ్ళ కిందటి మాట. "ఇంకొక్కరోజు ఉండి వెళ్ళవే" అంది వాళ్ళమ్మ. "వద్దులే అమ్మా, పనుంది" అంది తను, చెప్పులు వేసుకుంటూనే. ఇంకోసారి అంటే ఆగిపోదామనే మనసులో ఉంది. వాళ్ళమ్మకు అప్పటికే ఒంట్లో బాగుండడం లేదు. రెండోసారి అనే ఓపిక లేకపోయిందో ఏమో, తలూపి ఊరుకుంది. ఆ తర్వాత అడగడానికి ఆవిడ లేదు. గుమ్మం దగ్గర రెండోమాట పడకపోతే ఎంత దూరమైపోతుందో, ఆ గుమ్మం దాటినవాళ్ళకే తెలుస్తుంది.

"అమ్మా!" అంది చిన్నమ్మాయి. "జేబు మూతి కలిపి కుట్టేశావు. ఈ పిల్ల చెయ్యెక్కడ పెట్టుకుంటుంది?"

అమ్మ చూసుకుంది. నిజమే. స్కర్టు జేబు నోరు మూసుకుపోయి ఉంది. దాన్ని చిన్నమ్మాయి వైపు విసిరి, ఇంకో రెండు సూదులు తీసి పెదాల మధ్య పెట్టుకుంది.

మధ్యాహ్నం భోజనాలకు నాన్న డిపో నుంచి వచ్చాడు. నలుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. అమ్మ వడ్డిస్తోంది. ఈ పన్నెండు రోజుల్లో పెద్దమ్మాయి రెండు కిలోలు పెరిగింది. అయినా "చిక్కిపోయావు" అన్న మాట రోజూ వింటూనే ఉంది.

"ఇంకొంచెం కూర వేసుకో."

"వద్దమ్మా, చాలు."

"కొంచెమే."

"వద్దమ్మా. నిజంగా కడుపు నిండిపోయింది."

"ఏం తిన్నావని నిండడానికి? పక్షి కూడా ఇంతకంటే ఎక్కువ తింటుంది."

"వద్దు" అంటూ పెద్దమ్మాయి కంచం మీద చెయ్యి అడ్డం పెట్టింది. అమ్మ గరిటె ఆగలేదు. వేడివేడి కూర వేళ్ళమీద పడింది. చురుక్కుమంది.

"అమ్మా! వద్దన్నాను కదా!"

అందరూ తలెత్తారు. ఈ ఇంట్లో ఆ పిల్ల గొంతు అంత పైకి లేవడం ఎవరూ వినలేదు.

"మూడుసార్లు చెప్పాను. చెయ్యి కూడా పెట్టాను. వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నాను. వద్దన్నా కంచంలో పడుతుంది, వద్దన్నా చెల్లి నా పెట్టె సర్దేస్తుంది, నిద్ర లేపొద్దంటే నాన్న కాఫీ పట్టుకుని మంచం దగ్గర నిలబడతారు. ఈ ఇంట్లో వద్దు అంటే ఎవరికీ వినపడదా?"

అమ్మ గరిటె గిన్నెలో పెట్టింది. నోట్లో సూదులు లేవు. తప్పించుకునే దారి లేకపోయింది.

"వినపడుతుందే. మాకు సరిగ్గానే వినపడుతుంది. నీకే మరీ ఎక్కువ వినపడుతోంది."

"ఏమంటున్నావు?"

"ఏం లేదు. చెయ్యి కడుక్కో, బొబ్బలెక్కుతుంది."

"ఏం లేదనకమ్మా. చెప్పు."

"చెప్పడానికేముంది? వదిలేశావుగా, సీటు."

పెద్దమ్మాయి అయోమయంగా చూసింది. "నువ్వేగా వద్దన్నావు!"

"అన్నాను."

"మరి?"

"ఒక్కసారే కదే అన్నాను!"

నాన్న చేతిలోని ముద్ద నోటిదాకా వెళ్ళి అక్కడే ఆగింది. చిన్నమ్మాయి గోడవైపు చూస్తూ, "ఇప్పుడు చెప్పింది నేను కాదు" అంది మెల్లగా.

నాయనమ్మ నీళ్ళగ్లాసు కింద పెట్టి తీరిగ్గా అందుకుంది. "వద్దులు మూడు రకాలే పిల్లా. మొదటి వద్దు మర్యాదకి. రెండో వద్దు మొహమాటానికి. మూడోదే అసలు వద్దు. నువ్వు మొదటిదానికే మూతపెట్టి వెళ్ళిపోతే, లోపలున్నది ఎలా బయటికొస్తుంది?"

"అందుకే ఆరోజు నేను వంటింట్లో నిలబడి తిన్నది" అన్నాడు నాన్న. అనేశాక నాలిక కరుచుకున్నాడు.

"నిలబడి తిన్నారా!" పెద్దమ్మాయికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. చెయ్యి నీళ్ళ కింద పెట్టి వచ్చి కూర్చుంది. నిదానంగా చెప్పడం మొదలెట్టింది.

"అక్కడ పనిలో చేరిన మొదటివారం. మా వార్డులో ఒక ముసలావిడ ఉండేది. దుప్పటి కప్పనా అంటే వద్దంది. మళ్ళీ అడిగాను. వద్దంది. పోనీ పాపం అని కప్పేశాను. పెద్దనర్సు నన్ను పక్కకు పిలిచింది. 'ఆవిడకు కాళ్ళు లేవవు, చేతులు లేవవు. ఆవిడ చేతిలో మిగిలింది ఆ ఒక్క మాటే. అది కూడా లాక్కుంటావా?' అంది. సిగ్గుతో చచ్చిపోయాను. అప్పటినుంచీ ఎవరు వద్దన్నా ఆగిపోతాను. మర్యాద కాదమ్మా అది, గౌరవం. నీ మాటకు ఆ గౌరవమే ఇచ్చాననుకున్నాను."

అమ్మ గిన్నెమీద మూత సర్దింది. ఆ ముసలావిడ గురించే ఆలోచిస్తోంది. నిజమే కదా అనిపించింది. అత్తగారి వద్దులు తను ఎన్నింటిని దాటేసిందో గుర్తొచ్చి, ఆవిడ మొహం ఓసారి చూసి, తలదించుకుంది.

"మరి నీ వద్దు సంగతేమిటి? వాళ్ళు విన్నారా?" అంది చిన్నమ్మాయి, గదిలో బరువు తగ్గిద్దామని.

"ఓ, బాగా విన్నారు." పెద్దమ్మాయి నవ్వింది. "దిగిన రోజున మా ఇల్లుగలావిడ భోజనానికి పిలిచింది. ప్రయాణంలో ఏమీ తినలేదు, పేగులు అరుస్తున్నాయి. ఆవిడ గిన్నె పట్టుకుని, తింటావా అంది. వద్దండీ అన్నాను. సరే అని గిన్నె తీసుకెళ్ళి సర్దేసింది. రెండోసారి అడుగుతుందని చూస్తూ కూర్చున్నాను. బల్ల కూడా తుడిచేసింది! ఆ రాత్రి మంచినీళ్ళు తాగి పడుకున్నాను. వారంరోజులు పట్టింది నాకు, కావాలి అన్న మాట నోట్లోంచి రావడానికి. మొదటిసారి అన్నప్పుడు ఎంత ఏడుపొచ్చిందో! ముష్టి ఎత్తినట్టనిపించింది."

నాన్న, చిన్నమ్మాయి నవ్వారు. అమ్మ నవ్వలేదు.

ఆమె కళ్ళముందు ఒక బల్ల, దానిమీద ఖాళీ కంచం, దాని ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న తన పిల్ల. ఆ పిల్ల ఎందుకు వద్దందో ఆమెకు తెలుసు. చిన్నప్పుడు ఎవరింటికి తీసుకెళ్ళినా గుమ్మం బయటే చెప్పేది, "పెట్టగానే చెయ్యి చాచకు, వద్దనాలి" అని. ఆశపడి చెయ్యి చాస్తే బల్లకింద తొడపాశం పెట్టేది. పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగితే, బుద్ధిమంతురాలని అందరూ మెచ్చుకోవాలని కదా అనుకునేది.

"నేనే నేర్పానే నీకు ఆ వద్దు" అంది. "నేను నేర్పిన మాటతోటే పస్తు పడుకున్నావా?"

"అమ్మా, ఎప్పటిదో అది. ఏడవకు."

"అంతదూరం పంపిస్తూ పచ్చళ్ళూ స్వెట్టర్లూ సర్దాను గాని, ఆకలేస్తే అడగమని చెప్పలేదు చూడు!" అమ్మ మెడలోని టేపు చివరతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత, ఎవరూ ఏమీ అడగకుండానే, కూతురి మొహంలోకి చూస్తూ అంది. "నాకు రావాలని ఉందే. నీ గది చూడాలని ఉంది. నువ్వు పనికి పోతూ తాళం ఎలా వేస్తావో, ఏ దారిన నడుస్తావో, అన్నీ చూడాలని ఉంది. ఆరోజు నువ్వడిగినప్పుడే ఉంది. అంతకుముందు ఆర్నెల్ల నుంచీ ఉంది."

పెద్దమ్మాయి లేచి వచ్చి అమ్మను కావలించుకుంది. ఇద్దరూ ఏడ్చారు. నాయనమ్మ కూడా, ఎందుకైనా మంచిదని, కొంచెం ఏడ్చింది.

"పొద్దున్నే వదిలెయ్యమని చెప్పేశానమ్మా!" అంది పెద్దమ్మాయి ఒక్కసారిగా గుర్తొచ్చి. ఫోను తీసి కలిపింది. ఎంగేజ్. మళ్ళీ కలిపింది. మళ్ళీ అదే.

నాన్న చేతిగడియారం చూసుకున్నాడు. ఇప్పుడు ఆయన లోకంలోకి వచ్చింది వ్యవహారం. "రెండూ నలభై. పన్నెండో నంబరు బస్సు రెండూ యాభైకి మలుపులో ఆగుతుంది. అది తప్పితే మూడూ ఇరవై దాకా లేదు. లేవండి!"

"మరి యూనిఫారాలో?" అంది అమ్మ, గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటూ.

"నువ్వు వెళ్ళేలోపు కత్తిరింపులన్నీ అయిపోతాయి. తర్వాత కుట్టేది నేను" అంది చిన్నమ్మాయి. "జేబులు మూసెయ్యకుండా కుడతాను."

"కాజాలు నేను కుడతాను" అన్నాడు నాన్న.

"మీరా? ఊడిన గుండీ కుట్టమంటే చొక్కాతోపాటు బనీను కూడా కలిపి కుట్టారు!"

"అది పాతమాట. పద, బస్సు పోతుంది."

అమ్మా, నాన్నా, పెద్దమ్మాయీ పరిగెత్తినట్టే నడిచారు. కంపౌండరుగారి భార్య గేటు దగ్గర నిలబడి "ఏమైంది?" అంటే, పెద్దమ్మాయి ఆగకుండానే, "సాయంత్రం టీకి రావాలి అత్తయ్యా! వద్దన్నా ఊరుకోను, మూడుసార్లు అడుగుతాను!" అని అరిచింది. ఆవిడ బిత్తరపోయి, మొహం విప్పార్చుకుని నవ్వింది.

ట్రావెల్స్ ఆఫీసు మెట్లెక్కేసరికి అమ్మకు ఆయాసం వచ్చింది. చిన్నగది, రెండు కుర్చీలు, ఒక ఫ్యాను, కాగితాల మీద కాగితాలు. లావుపాటి నడివయసు మనిషి ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఏదో రాసుకుంటున్నాడు. వీళ్ళను చూసి ఫోను పెట్టేశాడు.

"పొద్దున మా అమ్మగారి సీటు వదిలెయ్యమన్నానండీ" అంది పెద్దమ్మాయి రొప్పుతూ. "అది వెళ్ళిపోయిందా? ఇంకోటేమన్నా దొరుకుతుందా?"

"వెళ్ళిపోవడమేమిటి, ఉంది" అన్నాడాయన.

"ఉందా?"

"ఒక్కసారే కదమ్మా మీరు చెప్పారు. నాలుగింటిదాకా టైముంది కదా, ఇంకోసారి ఫోన్ చేసి అడిగి వదులుదామని ఆపాను."

పెద్దమ్మాయి నోరు తెరిచింది. "నేను స్పష్టంగా వద్దని చెప్పాను కదండీ!"

"చెప్పారు. మీ అమ్మగారు రానన్నారని మీరు వద్దన్నారు. ఇరవై ఏళ్ళనుంచీ ఈ కుర్చీలో కూర్చున్నానమ్మా. రానన్న తల్లులందరూ వెళ్ళారు."

పొద్దున ఈ మాట విని ఉంటే ఆమెకు ఒళ్ళు మండేది. ఇప్పుడు పొట్ట పట్టుకుని నవ్వింది. నాన్న కూడా నవ్వాడు. ట్రావెల్స్ ఆయనకు ఎందుకో తెలియకపోయినా, మంచి సంగతే అనుకుని తనూ నవ్వి, కాగితం ముందుకు లాక్కుని అమ్మవైపు తిరిగాడు.

"అయితే అమ్మా, వెళ్తున్నారా?"

"వెళ్తున్నాను" అంది అమ్మ.

ఆయన కలం గాలిలోనే ఉంచి ఆగాడు. ఇల్లు, పని, మోకాళ్ళ నొప్పులు, ఎవరు చూసుకుంటారు అన్న మాటలు రావాలి కదా. వాటి కోసం అలవాటుగా ఎదురుచూశాడు. ఏవీ రాలేదు. "అంటే... ఇంకోసారి ఆలోచించుకుని..." అని నాన్న మొహం వైపు చూశాడు.

"ఆయన మొహం చూడకు బాబూ. వెళ్ళేది నేను." అమ్మ కుర్చీ ముందుకు జరుపుకుని, బల్లమీద రెండు చేతులూ పెట్టి కూర్చుంది. "నా పేరు రాసుకో. నాకు ఆ సీటు కావాలి."

పెద్దమ్మాయి గబుక్కున కిటికీ వైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. నాన్న కూతురి తల నిమురుతూ నిలబడ్డాడు. ట్రావెల్స్ ఆయన ఇంకా కలం ఆనించలేదు.

"రాయవేం?" అంది అమ్మ. "మళ్ళీ అడగక్కర్లేదు. ఇది మొదటిసారి చెప్పిందే, నిజమూ ఇదే."